పెద్దుప్పు

"ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఈ తలుపు నీ కార్డుతో తెరుచుకుంది. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"మూడోసారి చెప్తున్నా బాబాయ్. ఇంట్లో ఉన్నాను. భోంచేసి పడుకున్నాను."

"చూసినవాళ్లు?"

"ఒక్కదాన్నే పడుకుంటే చూసేవాళ్లెవరుంటారు? ఉంటే అది వేరే కేసయ్యేది."

నవ్వు రాబోయి ఆగిపోయింది నాకు. మాట విసరడంలో అచ్చం వాళ్ల నాన్నే. ఆయనేమో రెండు రోజులుగా ఆసుపత్రిలో ముఖానికి ఆక్సిజన్ మాస్కుతో కళ్లు మూసుకుని పడి ఉన్నారు. ఆయన్ని చంపబోయిందన్న అనుమానం మీద ఈ పిల్ల సాయంత్రం నాలుగింటికల్లా పోలీసుల చేతిలో పడబోతోంది. ఇప్పుడు పన్నెండున్నర. నా దగ్గరున్నవి మూడున్నర గంటలు.

నేను డిటెక్టివునే. కాకపోతే తప్పిపోయిన మనుషుల్నీ, దారి తప్పిన మొగుళ్లనీ వెతికే రకం. ఇరవై రెండేళ్ల కిందట మాత్రం ఇదే ల్యాబులో, కిటికీ పక్కనున్న ఆ బల్ల దగ్గరే, ఈ పిల్ల నాన్నకి, అంటే మా మాస్టారికి, శిష్యుణ్ని. నా చేతిలో పడ్డ గాజుసామాను ఏదీ వారం దాటి బతికేది కాదు. అందుకని మాస్టారు నాకు 'పగులు' అని పేరు పెట్టారు. ఎన్ని పగలగొట్టినా ఒక్కనాడూ తిట్టలేదు. చప్పుడు వినగానే పక్కగదిలోంచి "చెయ్యి తెగలేదు కదా?" అని మాత్రం అడిగేవారు. నాకు కెమిస్ట్రీ అబ్బలేదు గాని ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలోనే ఉంది. నిన్న సాయంత్రం ఈ అమ్మాయి ఫోన్ చేసి, "నాన్న డైరీలో మీ నంబరుంది, పగులు బాబాయేనా?" అనగానే ఉన్నపళంగా బయల్దేరింది అందుకే. నేను ల్యాబు వదిలేనాటికి దానికి అయిదేళ్లు. స్టూలెక్కి కూర్చుని, నేను ఎప్పుడు ఏది పగలగొడతానా అని ఎదురుచూసేది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు. గంటలతో సహా."

"పన్నెండూ యాభైకి నేను ఇంటికెళ్లాను. ఏప్రాన్ విప్పి వరండాలో కొక్కేనికి తగిలించాను. కార్డు ఏప్రాన్ జేబులోనే ఉంది."

"తాళంచెవి లాంటి కార్డుని వరండాలో వదిలేస్తావా?"

"అందరం అక్కడే వదుల్తాం. ఈ ల్యాబు పద్ధతి అది. మీరు మాత్రం తాళాలెక్కడ పెట్టేవారేంటి?"

మేమూ ఏప్రాన్ జేబులోనే.

"నాన్న ఒంటిగంటకి ఆఫీసు గదిలో కునుకు తీస్తాడు. అరగంట. అది మీకూ తెలుసు. నేను రెండింటికి తిరిగొచ్చాను. గ్లవ్ బాక్సు గది తలుపు బయటినుంచి గడియ వేసుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేసుంది. రెండు సిలిండర్లూ బుస్సుమంటున్నాయి. నాన్న... నాన్న నేల మీద ఉన్నాడు. కళ్లజోడు దూరంగా పడుంది."

ఆ సిలిండర్లలో ఉండేది ఆర్గాన్ వాయువు. విషం కాదు, వాసనా రంగూ లేవు. లిథియం తడిగాలి తగిలితే పాడైపోతుంది కాబట్టి, దాంతో చేసే పనంతా ఆర్గాన్ నింపిన అద్దాలపెట్టెలో, దానికి బిగించిన రబ్బరు గ్లవ్స్‌లో చేతులు దూర్చి చెయ్యాలి. ఆ పెట్టే గ్లవ్ బాక్సు. అదే ఆర్గాన్‌ని మూసిన గదిలోకి వదిలేస్తే గాలిని గెంటేసి ఆ చోటు తనది చేసుకుంటుంది. గాలికన్నా బరువు గనక ముందు నేలంతా పరుచుకుంటుంది. ఒకసారి కింద పడ్డ మనిషి మళ్లీ లేవడం కష్టం. ఎవరో ఫ్యాను ఆపి, రెండు సిలిండర్లు తిప్పి, తలుపు గడియ పెట్టి వెళ్లిపోయారు. పొరపాటున జరిగే పని కాదది.

"ఇక సీసా సంగతి చెప్పు."

అసలు గొడవంతా ఆ సీసాదే. ఏ బ్యాటరీలోనైనా రెండు ధ్రువాల మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటుంది. మాస్టారు పన్నెండేళ్లుగా కుస్తీ పడుతున్నది లిథియం, గంధకం కలిపి చేసే బ్యాటరీతో. గంధకం గుట్టలుగుట్టలుగా దొరుకుతుంది, చవక. కాకపోతే దానికో పాడలవాటు. ఊరికే ఉండదు, ఎలక్ట్రోలైట్‌లోకి కరిగిపోయి అవతలున్న లిథియం మీద పడుతుంది. నీళ్లలా ఉన్న ద్రవం ముందు పచ్చబడుతుంది, తర్వాత టీ రంగుకి తిరుగుతుంది, నాలుగు వారాల్లో బ్యాటరీ చేతులెత్తేస్తుంది. గంధకాన్ని కరగనివ్వని ద్రవం కావాలి. అదీ అందరికీ అందే ధరలో కావాలి. 'దీపం కొనుక్కోగలిగిన ఇల్లు బ్యాటరీ కూడా కొనుక్కోగలగాలి' అనేది మాస్టారి పాట.

ఎనిమిది నెలల కిందట ఆ ద్రవం దొరికింది. యాభై మిల్లీలీటర్ల సీసాలో ఒకవైపు లిథియం రేకు, ఇంకోవైపు గంధకం పూసిన రేకు ముంచి వదిలేశారు. ఎనిమిది నెలలైనా రంగు మారలేదు. ఎంత తేటగా ఉందంటే, చీటీ మీద మాస్టారు స్వయంగా 'మంచినీళ్లు కావు, తాగకండి' అని రాసి అంటించారు.

"సోమవారం పొద్దున పదింటికి, నాన్న పరిశోధనకి డబ్బిచ్చే కంపెనీవాళ్లు ఆ సీసా చూడ్డానికొచ్చారు. నాన్న ఆసుపత్రిలో ఉన్నా వాళ్లు ఆగలేదు. పెట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే..." ఆ గది వైపు చూసింది. "గడ్డకట్టిపోయింది బాబాయ్. జెల్లీలాగా. సీసా తలకిందులు చేసినా కదల్లేదు."

"కంపెనీవాళ్లేమన్నారు?"

"నాన్నకీ నాకూ పడలేదన్నారు. నాన్న పెట్టిన షరతు ఒక్కటే. ఈ తయారీ ఎవరూ దాచిపెట్టకూడదు, ఎవరైనా చేసుకోవచ్చు అని. నాకది నచ్చక, ఎవరికో అమ్ముకుని, సీసా పాడుచేసి, నాన్నని... నేను అమ్ముకుంటానా?"

"నువ్వు అమ్ముకునే రకమైతే నన్నెందుకు పిలుస్తావు, మంచి లాయర్ని పిలిచేదానివి. పద, ఆ గది చూద్దాం."

గ్లవ్ బాక్సు గది పట్టుమని పది అడుగులుండదు. అడుగు పెట్టగానే రబ్బరు వాసన, వెచ్చబడ్డ మోటారు వాసన కలిసి ముక్కుకి తగిలాయి. పెట్టె పాతదే. ఎడమచేతి గ్లవ్ మీద నేను గాజుపెంకుతో చింపినచోట వేసిన నల్ల అతుకు గ్లవ్ మారినా ఉంటుందేమోనని పిచ్చిగా వెతికాను. లేదు. ఇరవై రెండేళ్లు ఏ గ్లవ్ బతుకుతుంది!

పెట్టె లోపల మధ్యలో ఆ సీసా ఉంది. అద్దానికి ముఖం ఆనించి చూశాను. ద్రవం గడ్డకట్టినా తేటగానే ఉంది, లోపలున్నవన్నీ కనిపిస్తున్నాయి.

"అమ్మాయ్, లిథియం రేకు ఎనిమిది నెలలు నానితే ఎలా ఉంటుంది?"

"బూడిదరంగుకి తిరుగుతుంది. ఎంత మంచి ద్రవంలోనైనా పైన సన్నటి పొర కట్టాల్సిందే."

"మరి ఇదేంటి, ఇప్పుడే కోసినట్టు తళతళలాడుతోంది?"

అది నన్ను పక్కకి నెట్టి అద్దానికి ముక్కు తగిలించింది. దాని ఊపిరికి అద్దం మసకబారింది, మోచేత్తో తుడుచుకుని మళ్లీ చూసింది.

"చీటీ కూడా చూడు. మూలలు లేచి ఉన్నాయి. ఒక సీసా మీంచి పీకి ఇంకోదానికి అంటించారు. ఇది మీ సీసా కాదే తల్లీ."

అది స్టూలు లాక్కుని కూలబడింది. "మరి మాది?"

"ఎత్తుకెళ్లారు. ద్రవం మళ్లీ కలుపుకోవచ్చుగాని ఎనిమిది నెలల వయసున్న ద్రవాన్ని ఎవడూ ఒక పూటలో తయారుచెయ్యలేడు. ఇది నిలవ ఉంటుందనడానికి రుజువు ఆ సీసానే. దాన్ని పట్టుకుపోయి, సంగతి తెలియకుండా దాని చోట కొత్తది కలిపి పెట్టారు. పాడుచెయ్యాలని కాదు, పట్టుబడకూడదని. ఇక్కడే కలిపి ఉండాలి. తూచింది దేంతో?"

పెట్టె లోపలే మూలగా చిన్న బ్యాలెన్సు ఉంది. దానికి జ్ఞాపకశక్తి కూడా ఉంటుందట; ఈ కాలం వస్తువులు. గ్లవ్స్‌లో చేతులు పెట్టి అమ్మాయి మీట నొక్కింది. ఆఖరిసారి తూచిన బరువు, టైము తెరమీద వెలిగాయి. ఆదివారం, ఒంటిగంటా ముప్ఫై రెండు. బరువు 11.4000 గ్రాములు.

"నేను పదకొండు పాయింటు నాలుగు దగ్గర ఆపేస్తాను," అంది అమ్మాయి. "ఈ మందపాటి గ్లవ్స్‌తో నాలుగో అంకె దాకా ఎవరికి ఓపిక? నాన్నైతే రెండో అంకే ఎక్కువంటాడు."

ఆ మూడు సున్నాలు చూసి నాకు ఎందుకో మనసు తేలికైంది. మా రోజులు గుర్తొచ్చాయి. మా రోజుల్లో ఇలా తూచేవాడొకడుండేవాడు. చెంచా అంచున ఉప్పురవ్వని చూపుడువేలితో తట్టి తట్టి, చివరి సున్నా వచ్చేదాకా మమ్మల్నందర్నీ నిలబెట్టేవాడు. భోజనాలు చల్లారిపోయేవి. మాస్టారు వాడికి 'తూకం' అని పేరు పెట్టారు. నేనూ తూకమూ ఒకే గదిలో మూడేళ్లున్నాం, ఒకే సబ్బు అరగదీశాం. అలా గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డానేగాని ఇంకో అడుగు ముందుకి వెయ్యలేదు. ఇప్పుడు తలచుకుంటే నా తల నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"ఏరా పగులూ, ఇంకా ఏమీ పగలగొట్టలేదా?"

గుమ్మంలో తూకం నిలబడి ఉన్నాడు.

పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, చొక్కా ఇస్త్రీ మాత్రం అప్పటిలాగే నలగలేదు. మాస్టారి పరిశోధనకి పెట్టుబడి పెట్టిన కంపెనీలో వాడిప్పుడు విచారణాధికారి. సీసా గడ్డకట్టిందని కబురందగానే కంపెనీ వాణ్నే పంపింది. నాలుగింటికి పోలీసులకి రిపోర్టు ఇవ్వబోయేది వీడే.

"నిన్న సాయంత్రం దిగాను," అన్నాడు గదంతా కలయజూస్తూ. "ఈ మెట్లెక్కి ఇరవై రెండేళ్లయిందిరా. ఏమీ మారలేదు. ఆ ఫ్యాను మోత కూడా అదే."

"మారినవి ఉన్నాయి. ఈ సీసా మారింది." రేకు సంగతీ చీటీ సంగతీ చెప్పాను.

వాడు అద్దంలోంచి చూసి, తాపీగా తలూపాడు. "సరే, మారింది. మంచి పాయింటే. మరి మార్చిందెవరు?"

"ఈ పిల్ల మాత్రం కాదు."

"ఎందుకు కాదు? కార్డు తనది. టైముకి సాక్షుల్లేరు." చేతిలోని సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి బల్లమీద పెట్టాడు. అంచులు నలిగిన నీలిరంగు అట్ట. మాస్టారిది, ఎప్పుడూ పెట్టె పక్కనే పడుండేది. "ఇదిగో అసలు సాక్ష్యం. తయారీ అంతా ఇందులోనే ఉంది, కాని ఒక్క వస్తువుకీ సరైన పేరు రాయలేదు. అన్నీ ముద్దుపేర్లు. నీకు తెలుసుగా ఆయన సంగతి. బయటివాడెవడికీ అర్థం కాదు. నాకే ఒక్క ముక్క తెలియలేదు. ఇది చదివి సీసా కలపగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. నీ పక్కనే ఉంది."

"అంకుల్, నేను కలిపితే అది గడ్డకట్టదు!" అంది అమ్మాయి.

"అది కోర్టులో చెప్పుకో." నా వైపు తిరిగాడు. "ఏరా, ఇంతకీ ఎందుకు గడ్డకట్టిందో కనుక్కున్నావా?"

"లేదు."

"నువ్వెలా కనుక్కుంటావులే, గాజు కడగడమే రానివాడివి."

"నాకు కడగడం రాకపోవచ్చు. నీలాగా కళ్లెదుట పెరిగిన పిల్లని జైలుకి పంపడం కూడా రాదు. దీన్ని భుజాలమీద ఎక్కించుకుని ఈ వరండా అంతా తిరిగావురా నువ్వు!"

వాడి ముఖంలో ఏదో కదిలి సర్దుకుంది. "ఉద్యోగంరా. జ్ఞాపకాలు రిపోర్టులో రాయడానికి వీలుండదు." గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా నలభై. "ఆసుపత్రికి వెళ్తున్నా. మాస్టారి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఈ అమ్మాయిని మాత్రం ఒంటరిగా లోపలికి పంపొద్దని డాక్టర్లకి చెప్పాను. నోటుబుక్కు ఉంచుకో, అన్ని పేజీలకీ ఫోటోలు తీశాను. నాలుగింటికి కలుద్దాం."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఎందుకు గడ్డకట్టిందో తెలిస్తే మాత్రం ఒక ఫోన్ కొట్టు. నిజంగా."

వాడు మెట్లు దిగిన చప్పుడు ఆగాక అమ్మాయి కళ్లు తుడుచుకుని, "ఈయనా మీరూ ఫ్రెండ్సా?" అంది. ఫ్రెండ్సమే అన్నాను.

నోటుబుక్కు తెరిచాను. అదే గుండ్రటి చేతిరాత. కావలసిన పేజీకి మూల మడత పెట్టి ఉంది.

'మంచినీళ్లు కాని నీళ్లు. తుర్రు, యాభై మిల్లీలీటర్లు. పెద్దుప్పు, పదకొండు పాయింటు నాలుగు గ్రాములు. చిన్నుప్పు, చిటికెడు. ఓపిక, చాలినంత.'

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. తుర్రు అంటే మూత తీస్తే తుర్రుమని ఎగిరిపోయే ఈథర్ జాతి ద్రావకం. ఈ ల్యాబులో ఉప్పంటే తినే ఉప్పు కాదు, లిథియం ఉప్పు. పెద్దుప్పు, చిన్నుప్పు అనే మాటలు పుట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. 'నాకే ఒక్క ముక్క తెలియలేదు' అన్నాడు తూకం. పాపం, అన్నీ మర్చిపోయాడు, కంపెనీ వాణ్ని పిండేసింది అనుకున్నాను. నిజంగానే జాలిపడ్డాను.

"అమ్మాయ్, ఇందులో ఉన్నది ఉన్నట్టు కలిపి చూద్దాం. ఈ రాతలో ఏ మర్మమూ లేదు, నాకే అర్థమవుతోంది. గడ్డ ఎందుకు కడుతుందో నా కళ్లతో నేను చూడాలి."

"మీరు కలుపుతారా?" అంది అనుమానంగా.

"పగలగొట్టన్లే."

గ్లవ్స్‌లో చేతులు దూర్చాను. వేళ్లు వాటంతటవే పాత దారులు వెతుక్కున్నాయి. పెట్టె వెనక అరలో, అప్పట్లో ఉన్నచోటే, పెద్ద అల్యూమినియం డబ్బా ఉంది. మూతచుట్టూ వేసిన టేపు తెగి వేలాడుతోంది. రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాను. మాస్టారి హెచ్చరిక కూడా గుర్తొచ్చింది. ఆ ఉప్పుకి తడి తగిలితే ఆమ్లం పుట్టి చెయ్యి కాలుతుంది. పెట్టె బయటికి తెస్తే జాగ్రత్త.

"బాబాయ్! అదెందుకు తీశారు?"

"పెద్దుప్పు వెయ్యాలి కదా!"

"అది పెద్దుప్పు కాదు!" గభాలున వచ్చి గ్లవ్స్ పైనుంచి నా మోచేతులు పట్టుకుంది. "అది మామూలు ఫోన్ బ్యాటరీల్లో వేసే ఉప్పు. అది గానీ తుర్రులో పడిందా, అయిదారు గంటల్లో మొత్తం గడ్డ..."

మాట సగంలో తెగిపోయింది. ఇద్దరం ఒక్కసారే ఆ గడ్డకట్టిన సీసా వైపు తిరిగాం.

"ఈ డబ్బా ఎవరు ముట్టుకున్నారు?" అడిగాను.

"ఎవరూ ముట్టుకోరు. పాతరకం సెల్స్‌తో పోల్చి చూడ్డానికి ఒకటి ఉంచాం. టేపు వేసి మూడేళ్లయింది." తెగిన టేపు అప్పుడు చూసింది. "బాబాయ్..."

"ఇది పెద్దుప్పు కాకపోతే పెద్దుప్పేది?"

కుడివైపు అరలోంచి చిన్న సీసా చూపించింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. "ఇది. నాన్న చవగ్గా చెయ్యడం కనిపెట్టిన ఉప్పు. అందులో ఒక అయాను బాగా పెద్దది, లావుపాటిది. దానివల్లే గంధకం కరగడానికి బద్ధకిస్తుంది. లావుది కాబట్టి పెద్దుప్పు."

"మా రోజుల్లో పెద్ద డబ్బాలో ఉండేది కాబట్టి పెద్దుప్పు. చిన్న సీసాలో ఉండేది కాబట్టి చిన్నుప్పు. మేం చేసేవి మామూలు లిథియం సెల్స్. వాటిలో తుర్రు ఉండేది కాదు, అది గిన్నెలు కడగడానికే."

"అది పాత మాట బాబాయ్. నాన్న గంధకం మీదికి మళ్లి పన్నెండేళ్లయింది. అప్పట్నుంచి పెద్దుప్పంటే ఇదే. ఇక్కడ పనిచేసినవాళ్లెవర్ని అడిగినా ఇదే చెప్తారు."

గ్లవ్స్‌లోంచి చేతులు బయటికి లాక్కున్నాను. చెమటతో తడిసిపోయి ఉన్నాయి.

బయటివాడికి ఈ పుస్తకం అర్థం కాదు. అంటే ఏమీ కలపలేడు. ఈ పన్నెండేళ్లలో ఇక్కడ పనిచేసినవాడు చిన్న సీసా తీస్తాడు, సీసా గడ్డకట్టదు, దొంగతనం బయటపడదు. పెద్దుప్పు అని చదివి తడుముకోకుండా పెద్ద డబ్బా మీద చెయ్యి వేసేది ఒక్క పాతకాలంవాడే. నాలాంటివాడే. నేను ఇప్పుడే వేశాను కదా!

ఆ మాట పుట్టినప్పుడు ఈ గదిలో ఉన్నది ముగ్గురం. మాస్టారు, నేను, వాడు. ఏప్రాన్ జేబులో తాళాలు వదిలే పద్ధతి తెలిసినవాడు. ఒంటిగంట కునుకు తెలిసినవాడు. మందపాటి గ్లవ్స్‌తో, గుండె దడదడలాడుతుండగా, దొంగతనం చేస్తూ కూడా చివరి సున్నా వచ్చేదాకా చెంచా తట్టినవాడు.

నిన్న సాయంత్రం దిగానన్నాడు. ఇరవై రెండేళ్లన్నాడు. నేను నమ్మాను, ఎందుకంటే నమ్మాలనిపించింది.

"బాబాయ్, ఏంటలా అయిపోయారు?"

"మీ నాన్న దగ్గర ఇప్పుడెవరున్నారు?"

"మీ ఫ్రెండే. నర్సు ఇందాక మెసేజ్ పెట్టింది. నాన్న వేళ్లు కదుపుతున్నాడట, మెలకువ వచ్చేలా..." దాని ముఖం పాలిపోయింది. ఇక వివరించాల్సిన పని లేకపోయింది.

"నువ్వు నర్సుకి ఫోన్ చెయ్యి, ఎత్తేదాకా చేస్తూనే ఉండు. కారు తియ్యి. నేను వాడికి చేస్తా."

మెట్లు దిగుతుంటే నాలుగో రింగుకి ఎత్తాడు.

"చెప్పరా పగులూ." గొంతు మెత్తగా ఉంది. హాస్టలు గదిలో దీపం ఆర్పేశాక మాట్లాడుకునేవాళ్లమే, ఆ గొంతు.

"మాస్టారెలా ఉన్నారు?"

"కళ్లు తెరిచారు. ఇప్పుడే. నర్సు మందులకి వెళ్లింది. ఆయనా నేనూ మాత్రమే ఉన్నాం. నన్ను గుర్తుపట్టారురా. పెదాలు కదులుతుంటే మాస్కు తీసి చెవి పెట్టాను. ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"ఆ డబ్బా తీశావుగా, చెయ్యి కాలలేదు కదా? అన్నారు."

మెట్ల మధ్యలో నిలబడిపోయాను. ఆయన అంతా చూశారన్నమాట. కునుకులోంచి లేచి వచ్చి, వాడి చేతిలో ఏ డబ్బా ఉందో చూసి కూడా, ఆయనకి ముందు గుర్తొచ్చింది అది. ఏడవడానికి టైము లేదు.

"మాస్కు మళ్లీ పెట్టావా?"

సన్నగా, తెగితెగి ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించింది. అది వాడిది కాదు.

"పగులూ, ఒక్కటి చెప్పు. అదెందుకు గడ్డకట్టింది? లెక్క తప్పలేదు. నాలుగో అంకె దాకా చూశాను. రాసింది రాసినట్టు వేశాను. ఎక్కడ తప్పానురా?"

వాడు నాకు దొరికిపోయానని భయపడట్లేదు. కారణం తెలియకుండా ఉండలేకపోతున్నాడు, అంతే. మూడేళ్లు ఒకే గదిలో ఉన్నవాణ్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

"చెప్తాను. కారణం తెలిసింది. ముందు మాస్కు పెట్టు."

గరగర చప్పుడైంది. "పెట్టాను. చెప్పు."

కారు ఎక్కాను. అమ్మాయి ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను. నర్సు ఎత్తడం లేదని తల అడ్డంగా ఊపింది. ఆసుపత్రికి పన్నెండు నిమిషాలు. ఒక్క వాక్యంలో అయిపోయే జవాబుని పన్నెండు నిమిషాలు చెప్పాలి.

"నీకు గుర్తుందా," అన్నాను, "మన మొదటిరోజు. వర్షం. ఇద్దరికీ ఒకే ఏప్రాన్ ఇచ్చారు."

"అదంతా ఇప్పుడెందుకు?"

"జవాబు అక్కణ్నుంచే ఉంది. వినాలా వద్దా?"

"... ఊఁ."

మొదలుపెట్టాను. ఏప్రాన్ జేబులో ఎవరిదో పాత దువ్వెన దొరకడం, మాస్టారు మా ఇద్దర్నీ చూసి పేర్లు అడక్కుండానే పేర్లు పెట్టడం. ఊఁ. వాడు తూస్తుంటే మా భోజనాలు చల్లారడం. ఊఁ. నేను ఒకేరోజు అయిదు ఫ్లాస్కులు పగలగొడితే వాటిలో రెండు తనే పగలగొట్టానని చెప్పి వాడు తన డిపాజిట్టులోంచి డబ్బు కట్టడం. దానికి కాస్త ఆలస్యంగా ఊఁ అన్నాడు. ఒక్క అబద్ధం కలపలేదు. కలపాల్సిన పనే రాలేదు. అమ్మాయి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా స్టీరింగు వదల్లేదు. వాడు ఊఁ కొట్టినంతసేపూ ఆయన ఊపిరి తీసుకుంటూ ఉంటారు. నాకు అంతే తెలుసు.

తొమ్మిదో నిమిషంలో పెద్ద డబ్బా వచ్చిన రోజు దాకా వచ్చాను. సాగదీయడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఆ రోజు మాస్టారు దానికి పెద్దుప్పని పేరు పెట్టారు. నువ్వు వెళ్లాక, నేను వెళ్లాక, ఆ పేరు తీసి వేరే ఉప్పుకి పెట్టారు. మనకి ఎవరూ చెప్పలేదురా. మనం లేం కదా."

ఊఁ అనలేదు.

"తూకం?"

కుర్చీ జరిగిన చప్పుడు. ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడు. తర్వాత తలుపు.

"తూకం! ఒరేయ్!"

వెళ్లిపోయాడు. ఎనిమిది నెలల సీసా వాడి దగ్గరే ఉంది. వెళ్లేముందు ఏం చేసి వెళ్లాడో తెలియదు. అమ్మాయి నా ముఖం చూసి కారు రోడ్డు మధ్యలోనే ఆపేసింది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"మాస్టారూ," అన్నాను. "నేను, పగులుని. ఇంకా చెప్పమంటారా?"

చాలాసేపటికి, ఎక్కడో లోతులోంచి, మాస్కు లోపలినుంచి సన్నగా వినిపించింది.

"ఊఁ."